నా సిస్టమ్‌లో నడుస్తోంది

"నా సిస్టమ్‌లో నడుస్తోందే" అనే మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. కంప్యూటర్ల పనిలో ఉన్నవాళ్ళకి అది ఊతపదం. నేను ఆ మాటను పదిహేడు రోజులపాటు ఒకే మనిషికి, రకరకాల మర్యాదలు జోడించి, ఉత్తరాల్లో రాస్తూ వచ్చాను. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో చిన్నా పెద్దా తప్పులు చాలా చేశాను. చాలావాటిని మర్చిపోయాను కూడా. ఇదొక్కటే, రిటైరై రెండేళ్ళయినా, మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు తిరిగి వస్తూ ఉంటుంది. ఆ కలలో కిటికీ బయట ఏం కనిపించదు. తెల్లగా ఉంటుంది. నేనెక్కిన బస్సు ఎక్కడికో పోతూనే ఉంటుంది. అందుకే మీకు చెప్పేద్దామనుకుంటున్నాను.

నేను కాకినాడ దగ్గర పుట్టాను. మా ఆయన సైన్యంలో పనిచేసేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నల్ల ట్రంకుపెట్టెల మీద పాత ఊరి పేరు చెరిపి కొత్త ఊరి పేరు రాసుకోవడమే నా పని. చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంట్‌లో పడింది. పిల్లలు వాళ్ళ చదువుల్లో వాళ్ళు పడ్డాక, ముప్పై ఏడేళ్ళ వయసులో, లక్ష్మీ నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కోర్సులో చేరాను. క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళు. మొదటి రోజు నేను లోపలికి రాగానే టీచరమ్మ అనుకుని అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఆంటీ అనడం మొదలుపెట్టారు. రెండేళ్ళకి నోయిడాలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మా ఆయన సైన్యం నుంచి వచ్చేశాక ఘాజియాబాద్‌లో ఫ్లాటు తీసుకుని అక్కడే ఉండిపోయాం.

మా కంపెనీ అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డులు తయారుచేసేది. వేడిని, చప్పుడును, కదలికను పసిగట్టే బోర్డులవి. బోర్డుతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ కిట్ ఇచ్చేవాళ్ళం. ఆ కిట్‌లో ఎనిమిది శాంపిల్ ప్రాజెక్టులుండేవి. కొత్తవాళ్ళు ముందుగా వాటిని తమ కంప్యూటర్‌లో కంపైల్ చేసుకుంటారు. అంటే, మనిషి రాసిన దాన్ని బోర్డుకు అర్థమయ్యే భాషలోకి మార్చుకుంటారు. మొదటి శాంపిల్ పని ఒక్కటే. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతుంది. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ దీపం ఒక్కసారి వెలిగిందంటే మనిషికి ధైర్యం వస్తుంది. తర్వాతి ఏడూ వాళ్ళే చేసుకుంటారు.

ఆ శాంపిళ్ళు కంపైల్ కావడానికి కంప్యూటర్‌లో ఏమేం పెట్టుకోవాలి, ఏ వెర్షన్ పెట్టుకోవాలి, ఏ ఫైలు ఎక్కడుందో సిస్టమ్‌కి ఎలా చెప్పాలి అని వివరించే పేజీ రాయడం నా ఉద్యోగం. కొత్త కిట్ వచ్చిన ప్రతిసారీ ఎనిమిదీ కంపైల్ చేసి చూసి, పేజీ సరిదిద్ది విడుదల చేసేదాన్ని. నిజం చెప్పాలంటే నాకా పని చాలా ఇష్టం. బటన్ నొక్కగానే తెర మీద అక్షరాల వరసలు కిందనుంచి పైకి పోతూ ఉంటాయి. వర్షం వెనక్కి కురుస్తున్నట్టు ఉంటుంది. ఒక్కోసారి టీ చల్లారిపోయేదాకా అలా చూస్తూ కూర్చునేదాన్ని. చివర్లో "పూర్తయింది" అన్న మాట వచ్చేది. నా సీటులో ఎప్పుడూ వచ్చేది.

ఆ సీటు నాకంటే ముందు ఒక ఇంజనీరుది. అతను బెంగళూరు వెళ్ళిపోతూ సిస్టమ్‌లో అన్నీ అమర్చి పెట్టి ఉన్నాయనీ, ఏదీ కదపవద్దనీ చెప్పాడు. నేను దాన్ని అత్తగారిచ్చిన నగలా చూసుకున్నాను. తర్వాత ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా నా సిస్టమ్‌నే మక్కీకి మక్కీ కాపీ చేసి వాళ్ళకి ఇచ్చేవారు. అలా మా అంతస్తులో కంప్యూటర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. ఎందులో చూసినా ఎనిమిది శాంపిళ్ళూ కంపైల్ అయ్యేవి. అంతకంటే రుజువేం కావాలని నేననుకునేదాన్ని.

మా దగ్గర టెస్టింగ్ చూసే అతను ఒకడుండేవాడు. సూర్యాపేట వైపు మనిషి. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. అక్కా అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. అతనికో అలవాటుంది. కంపైల్ అయ్యేటప్పుడు తెర మీద పరుగెత్తే ఆ వరసలన్నిటినీ కాగితాల మీద ప్రింటు తీసేవాడు. ఒక్కో వరస కింద స్కేలు పెట్టి, చిన్నపిల్లలు చదివినట్టు పెదవులు కదుపుతూ చదివేవాడు. ఆఫీసులో అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వాను.

ఒక ఏడాది శీతాకాలం ముందు కొత్త కిట్ విడుదలకి రెండు రోజులుందనగా అతను ఒక కాగితం పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. ఒక వరస కింద పెన్సిల్ గీత ఉంది.

"అక్కా, ఈ లైన్ల ఉన్న ఫోల్డర్ మన కిట్ల లేదు. ఇది యాడికెళ్ళి వస్తున్నది?"

నేను కాగితం వైపు సరిగా చూడను కూడా లేదు. "అది ఎప్పట్నుంచో అలాగే ఉందిలే తమ్ముడూ. కంపైల్ అవుతోంది కదా, వదిలెయ్" అన్నాను.

"ఒక్కపారి ఏం లేని సిస్టమ్ మీద చేసి చూద్దాం అక్కా. కొత్త సిస్టమ్ ఒకటి అడుగుదాం."

కొత్త సిస్టమ్ అంటే అర్జీ పెట్టాలి, వారం పడుతుంది. విడుదల ఆగుతుంది. ఆగితే నా పేజీ వల్లే ఆగిందంటారు. ఆ మధ్యాహ్నం మేనేజరు గదిలోకి వెళ్ళి, అతను పని సాగనివ్వడం లేదని, ప్రతి చిన్నదానికీ అడ్డం పడుతున్నాడని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. నాకు ఎలా అనిపించిందో అదే చెప్పాను. కానీ చెప్పాల్సింది అది కాదు. కాగితం మీద గీత సంగతి చెప్పాలి. అది చెప్పలేదు.

కిట్ అనుకున్న రోజుకే విడుదలైంది. నెల తిరక్కుండా అతన్ని గురుగ్రామ్‌లో ఒక క్లయింటు ఆఫీసుకి, ఫోన్లలో సందేహాలు తీర్చే పనికి పంపేశారు. చివరి రోజు తన స్టీలు డబ్బా సంచిలో పెట్టుకుని నా సీటు దగ్గర ఆగి, "వస్త అక్కా" అన్నాడు. ఎందుకు పంపారో అతనికి తెలియదనుకున్నాను. ఆ అనుకోవడంలో కొంచెం సుఖం ఉంది.

తర్వాత గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది. రాసినావిడ అక్కడ ల్యాబ్ చూసుకునే లెక్చరర్. పాత ల్యాబ్ తీసేసి మా బోర్డులతో కొత్త ల్యాబ్ పెట్టాలని పట్టుబట్టి ముప్పై బోర్డులు తెప్పించింది. మొదటి శాంపిల్ కంపైల్ కావడం లేదని, తెర మీద వచ్చిన తప్పును ఫొటో తీసి పంపింది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని జవాబిచ్చాను. చేశానని రాసింది. పేజీలో చెప్పిన మెట్లు వరసగా పాటించమని రాశాను. పాటించానని రాసింది. వెర్షన్ చూడమన్నాను, నెట్ చూడమన్నాను, యాంటీవైరస్ ఆపమన్నాను. ప్రతి ఉత్తరం చివరా, ఇది మా సిస్టమ్‌లన్నిటిలోనూ నడుస్తోందని ఒక ముక్క చేర్చేదాన్ని. పదిహేడో రోజున ఆమె రెండే వాక్యాలు రాసింది. ముప్పై కంప్యూటర్లలో ముప్పై సార్లు చేశాను. మీ సిస్టమ్‌లో నడుస్తోందంటున్నారు కాబట్టి, దయచేసి వచ్చి నా ముందు నడిపించండి.

బోర్డులు వెనక్కి పంపేస్తారేమోనని మేనేజరు నన్ను వెళ్ళి రమ్మన్నాడు. అరగంటలో తేల్చేసి వస్తానని చెప్పి బయల్దేరాను.

జనవరి నెల. పొద్దున ఘాజియాబాద్‌లో బస్సెక్కేసరికి పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కండక్టరు గొంతు ముందు వచ్చి మనిషి తర్వాత వచ్చాడు. బస్సు నడకకంటే కొంచెం వేగంగా పోతోంది. కిటికీలో లోకమే లేదు. అప్పుడప్పుడూ ఒక లారీ వెనక దీపం, ఒక చెట్టు సగం, శాలువా కప్పుకుని టీ కాచుకుంటున్న ఎవరిదో వీపు కనిపించి మళ్ళీ తెల్లదనంలో కలిసిపోయేవి. దారిలో కాలేజీ పిల్లలు ఎక్కారు. వాళ్ళ ఉన్ని టోపీల మీద మంచు చుక్కలు సన్నగా మెరుస్తున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. నాకు భయం లేదు, బాధ లేదు. ఎక్కడికి పోతున్నానో కూడా కాసేపు మర్చిపోయాను. ఆ రెండు గంటలు నా జీవితంలోంచి ఎవరో విడిగా తీసి దాచినట్టు ఉంటాయి. నేను తప్పు చేశానని తెలియని ఆఖరి రెండు గంటలు అవి.

ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది. కిటికీల బయట అదే తెలుపు. ముప్పై కంప్యూటర్లు, ఒక్కోదాని పక్కన బోర్డు ఉన్న చిన్న డబ్బా. పది పన్నెండు మంది విద్యార్థులు కోట్లు విప్పకుండా కూర్చున్నారు. ఆమె సన్నగా ఉంది, ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు చూసి మనవాళ్ళేమో అని అనుమానం ఉండింది. తెలుగులో పలకరించాను. ఆమె కొంచెం సిగ్గుపడి, "సమఝ్ లేతీ హూఁ ఆంటీ, బోల్‌నా నహీఁ ఆతా" అంది. అమ్మానాన్నలది నెల్లూరట. తను ఢిల్లీలోనే పుట్టి పెరిగింది కాబట్టి అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదట. ఆ రోజంతా నేను తెలుగులోనూ ఆమె హిందీలోనూ మాట్లాడుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పింది, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. తనది ఏడాది ఏడాదికీ పొడిగించే ఉద్యోగం. శుక్రవారం తనిఖీకి వస్తున్నారు. అప్పటికి ల్యాబ్ నడవకపోతే, చేతగాని పని నెత్తికెత్తుకుందన్న పేరు వస్తుంది. ఈసారి పొడిగించరు. ఆ రోజు బుధవారం.

నేను ఒక కంప్యూటర్ ముందు కూర్చుని మొదలుపెట్టబోయాను. ఆమె కీబోర్డు మీద మెల్లగా చెయ్యి పెట్టింది. మాటలు కూడబలుక్కుని తెలుగులో అంది: "మీరు చదవాలి. నేను చేయాలి."

నాకు అర్థం కాలేదు. అప్పుడు హిందీలో వివరించింది. మీ చేతులకు అలవాటైన పనులు మీకు తెలియకుండానే చేసేస్తారు, కాగితం మీద ఉన్నది మాత్రమే చదవండి, నేను అది మాత్రమే చేస్తాను అని. దొంగ చేతికి తాళాలివ్వనన్న మాటనే మర్యాదగా చెప్పింది. నేను నా పేజీ తీసి, నిలబడి, గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

మొదటి వాక్యం, ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తిరిగి చూడగానే ఆపేశారు. నాలుగు మెట్లు చదివాను. ఒక్కో దాని తర్వాతా ఆమె చేసి, చేశానని తల ఊపేది. అయిదో మెట్టు, శాంపిల్ తెరిచి బటన్ నొక్కడం. నొక్కింది. వరసలు పైకి పోవడం మొదలైంది. నాకు అలవాటైన వానే. సగంలో ఆగిపోయింది. ఫలానా ఫైలు కనబడలేదు.

మళ్ళీ మొదటినుంచి చదివాను. అక్కడే ఆగింది. వేరే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాం. మూడోసారి చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె ఒక్క అక్షరం కూడా తప్పు చేయడం లేదు. పదిహేడు రోజుల నుంచీ చేయలేదు.

ఆ ఫైలు పేరు నాకు బాగా తెలుసు. ఏళ్ళ తరబడి నా తెర మీద పోతూ ఉండేది. అలాంటప్పుడు కిట్‌లో ఉండాలి కదా. ఆమె పక్కనే కూర్చుని కిట్ మొత్తం వెతికాను. లేదు. ఇక్కడ లేనిది నా సిస్టమ్‌కి ఎక్కడ దొరుకుతోంది? ఆ ప్రశ్న నాకంటే ముందు ఇంకొకరు అడిగారని అప్పుడు గుర్తొచ్చింది. కాగితం, స్కేలు, పెన్సిల్ గీత. గీత కనిపిస్తోంది గానీ దాని పైనున్న అక్షరాలు ఎంత ప్రయత్నించినా కనిపించడం లేదు. చూసి ఉంటే కదా.

వరండాలోకి వెళ్ళి గురుగ్రామ్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. అతను వెళ్ళిపోయాక ఒక్కసారి కూడా పలకరించలేదు. రెండో రింగుకే ఎత్తాడు. సంగతి చెప్పాను.

"ఆ ఫోల్డర్ పేరు నాకు ఇంక యాదున్నది అక్కా," అన్నాడు. అక్షరం అక్షరం చెప్పాడు. నా సీటులో ముందున్న ఇంజనీరు వేరే ఏదో పని కోసం పెట్టుకున్న ఫోల్డర్ అయి ఉంటుందని, సిస్టమ్‌కి ముందు అక్కడ వెతకమని ఎప్పుడో చెప్పి ఉంచాడని అన్నాడు. నా సిస్టమ్‌ని కాపీ చేసినప్పుడల్లా ఆ ఫోల్డరు కూడా వెంట వెళ్ళింది. పాత కిట్లలో ఆ ఫైలు ఉండేదట, ఈ కొత్త కిట్‌లో జారిపోయినా మాకు తెలియలేదు. అందుకే మా ఆఫీసులో అన్నిటిలోనూ నడిచింది. మా ఆఫీసు గోడలు దాటితే ఎక్కడా నడవదు.

"అయితే ఆ ఫైలు ఒక్కటి తెప్పించి వీళ్ళకి వేసేస్తాను," అన్నాను.

"వెయ్యున్రి. ఈ ల్యాబ్ నడుస్తది. మరి మిగతా వాళ్ళ సంగతేంది?"

మిగతా వాళ్ళు. ఆ మాట నాకు అంతవరకూ తట్టనే లేదు. నెట్‌లోంచి కిట్ దించుకున్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఫిర్యాదు చేసింది ఈమె ఒక్కతే. అంటే మిగతా వాళ్ళకి నడిచిందని కాదు. అడగలేదంతే.

ఆఫీసులో ఒకమ్మాయి నా సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ తెరిచి ఫైలు పంపింది. కిట్‌లో పెట్టి బటన్ నొక్కాం. వరసలు ఈసారి ఆగకుండా పోయాయి. బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు లేచి వచ్చి చుట్టూ నిలబడి ఊరికే చూశారు. ఆమె కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను. అతను చెడ్డవాడు కాదు. ఊపిరి పీల్చుకుని, కాలేజీ కంప్యూటర్లలో ఏవో అనుమతుల ఇబ్బంది ఉండింది, మేం సరిచేశాం అని ఒక చీటీ రాసిచ్చి రమ్మన్నాడు. ఫైలుని వచ్చే కిట్‌లో కలిపేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు. అనుభవంతో చెప్పిన మాట. నేను సరేనన్నాను. అవును, సరేననే అన్నాను. దాచిపెట్టి లాభం లేదు.

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చేసరికి విభాగాధిపతి వచ్చి ఉన్నారు. పెద్దాయన, మఫ్లర్ చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. దీపం చూసి తల ఊపారు. తర్వాత నా వైపు తిరిగి, ఆమె అక్కడ లేనట్టే, హిందీలో అడిగారు. ఇన్ని రోజులూ ఇబ్బంది మా ల్యాబ్‌దా, మీ కిట్‌దా అని.

ఆమె నన్ను చూడలేదు. బోర్డు డబ్బా మూతను తెరుస్తూ మూస్తూ ఉంది. డబ్బా టిక్ టిక్‌మంటోంది. మేనేజరు చెప్పమన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ నాలుగు మెట్లు చేసి నాలుగుసార్లు తల ఊపిన ఆ మనిషి ముందు అది పైకి రాలేదు.

"మా కిట్‌దండీ," అన్నాను. "నేనే సరిగా చూడలేదు. మేడమ్ మొదటి రోజు నుంచీ అన్నీ సరిగానే చేశారు."

కంగారులో తెలుగులో అనేశానని ఆయన మొహం చూశాక తెలిసింది. నేనేమన్నానని ఆయన ఆమెనే అడిగారు. ఆమె నోరు తెరిచి, ఆగిపోయింది. తన గురించిన మాటను తనే చెప్పుకోవడం ఎలా? నేనే మళ్ళీ హిందీలో చెప్పాను. రాసిస్తారా అని అడిగారు. రాసిచ్చాను.

ఆ మధ్యాహ్నం పిల్లలూ మేమూ కలిసి ముప్పై కంప్యూటర్లలోనూ ఆ ఫైలు పెట్టాం. రెండు దాటాక మంచు విడిచి ఎండ వచ్చింది. పాలలో పసుపు కలిపినట్టుండే శీతాకాలపు ఎండ ఒక్కో బల్ల మీదికీ మెల్లగా పాకుతుంటే, ఒక్కో బోర్డూ వెలగడం మొదలుపెట్టింది. ముప్పై దీపాలు, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా, దేని లయలో అది వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. నేను ఒక మూల స్టూలు మీద కూర్చుని చూశాను. అంత తేలిగ్గా ఎప్పుడూ లేను. ఉద్యోగం పోతుందేమోనన్న ఆలోచన కూడా ఎవరిదో అన్నట్టు దూరంగా ఉంది. ఆమె క్యాంటీన్ నుంచి ఇద్దరికీ టీ తెచ్చింది. నా పక్కన నిలబడే తాగింది. వెళ్ళేటప్పుడు బస్టాపు దాకా వచ్చింది.

మర్నాడు మేనేజరు నాతో మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత నేనే ఒక ఉత్తరం రాసి అతనికి చూపించాను. కిట్ దించుకున్న అందరికీ పంపాల్సిన ఉత్తరం. నేను రాసిన పేజీ తప్పని, ఒక ఫైలు లేకపోవడం వల్ల శాంపిళ్ళు కంపైల్ కావని, అది మీ పొరపాటు కాదని, ఫైలు ఇదిగోనని. కాలేజీకి ఎలాగూ రాతపూర్వకంగా ఇచ్చేశాను కాబట్టి ఇక దాచడానికేం లేదన్నాను. అతను రెండుసార్లు చదివి, "ఠీక్ హై, కానీ కింద కంపెనీ పేరు వద్దు, మీ పేరు పెట్టుకోండి" అన్నాడు. అలాగే పెట్టుకున్నాను. ఆ ఏడాది నాకు ప్రమోషన్ రాలేదు. వచ్చి ఉండేదా అంటే అదీ చెప్పలేను. ల్యాబ్ మేడమ్‌కి మాత్రం ఇంకో ఏడాది పొడిగించారు. ఆ తర్వాత ఆమెకి వేరేచోట పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. కబురు చేసింది.

సూర్యాపేట తమ్ముడిని వెనక్కి రప్పించమని మేనేజరుని అడిగాను. మేనేజరు అడిగితే అతను రానన్నాడు. నేను ఒక శనివారం మెట్రో ఎక్కి గురుగ్రామ్ వెళ్ళి కలిశాను. ఆఫీసు కింద బెంచీ మీద కూర్చున్నాం. నేను మేనేజరు గదిలో అన్న మాటలన్నీ చెప్పేశాను. విని, "నన్ను పంపిచ్చింది మీరే అని నాకు ఎర్కనే అక్కా" అన్నాడు.

"తెలిసీ ఫోన్ ఎత్తావా?"

"ఎత్తకపోతే ఆ మేడమ్ సంగతేంది?"

వెనక్కి ఎందుకు రావని అడిగాను. కొంచెం ఆలోచించి, కోపమేం లేదు గానీ, ఇక్కడ తన మాట వింటున్నారన్నాడు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తర్వాత రిటైరయ్యేదాకా, ప్రతి కొత్త కిట్‌కీ ముందు ఏమీ లేని సిస్టమ్ ఒకటి పట్టుబట్టి తెప్పించుకునేదాన్ని. మా ఆఫీసుతో ఏ సంబంధం లేని మనిషిని ఒకర్ని కూర్చోబెట్టి, పేజీ చదివి వినిపించేదాన్ని. ఒకసారి మా ఆయన్నే కూర్చోబెట్టాను. మూడో మెట్టు దగ్గర, ఇది ఆర్డరా సలహానా అని అడిగారు. ఆ వాక్యం మార్చాను.

నా ఉత్తరానికి జవాబులు తక్కువే వచ్చాయి. ఒకరు తిట్టారు. ఒకరు థ్యాంక్స్ అన్నారు. ఒక జవాబు మాత్రం చాలా పొడుగ్గా ఉంది. రాసినతను ఉండేది ఘాజియాబాద్‌లోనే, బేరింగులు చేసే ఒక కార్ఖానాలో మిషన్ మీద పని. షిఫ్టు అయ్యాక ఇంట్లో నేర్చుకుని ఉద్యోగం మారాలనుకున్నాడట. నెల రోజులు ప్రయత్నించాడట. మొదటి దీపమే వెలగకపోయేసరికి ఇది తన తలకెక్కే విద్య కాదనుకుని, కంప్యూటరు బావమరిదికి ఇచ్చేశాడట.

ఆ ఉత్తరం చదివాక నాలుగు రోజులు నాకు ఏ పనీ నడవలేదు. చివరికి ఫోన్ చేసి, కలవవచ్చా అని అడిగాను. ఆదివారం పొద్దున మా కాలనీ దగ్గర పార్కుకి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. అందులో తెర మీద వచ్చిన తప్పులన్నీ తన చేత్తో ఎత్తి రాసుకున్నాడు, ఒక్కోదాని పక్కన తనేం చేసి చూశాడో కూడా. పేజీల కొద్దీ ఉంది. ఒక పేజీలో, కారణం బహుశా ఈ ఫైలు కిట్‌లోనే లేకపోవడం అని రాసి, పక్కనే ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

నేను ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఇదే నిజం అన్నాను. మా ఆఫీసంతా కనిపెట్టలేనిది మీరు ఇంట్లో కూర్చుని కనిపెట్టారు అన్నాను. అతను ఆ పేజీని చాలాసేపు చూశాడు. మళ్ళీ మొదలుపెట్టండి, నేను సాయం చేస్తాను అంటే, చూద్దాం అన్నాడు. అందులో అవునూ లేదు, కాదూ లేదు. కోపం కూడా లేదు. మా చుట్టూ ముసలివాళ్ళు ఎండలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

లేవబోతూ అడిగాడు, ఇప్పుడు చెప్పింది ఒక కాగితం మీద రాసివ్వగలరా అని. ఇంట్లో చూపిస్తాడట. ఆ నెల రోజులూ ఇంట్లోవాళ్ళు చాలా అన్నారట.

నోటు పుస్తకంలోంచే ఒక కాగితం చింపి ఇచ్చాడు. నాకొచ్చిన హిందీలో, వంకర అక్షరాల్లో రాశాను. ఇతని పని సరిగానే ఉంది, గల్తీ మేరా థా అని. తప్పు నాదే అని. కింద సంతకం పెట్టాను. అతను తీసుకుని నిదానంగా చదివాడు. మొహమాటపడుతూ నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. గల్తీ స్త్రీలింగం ఆంటీ అని, "మేరా థా"ను కొట్టేసి పైన "మేరీ థీ" అని దిద్దాడు. ఇంకోసారి చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.